పాత సినిమాలు: ఏవి ఇంకా పట్టుకుంటాయి, ఏవి పేరు మీద నడుస్తున్నాయి

మీరు అడిగింది ఇది. గొప్పవని అందరూ చెప్పే పాత సినిమాలు కొన్ని చూశారు. ‘మాయాబజార్’ బాగా నచ్చింది. ‘టోక్యో స్టోరీ’ సగంలో ఆపేశారు. ‘సైకో’ చివర్లో నీరసపడిందనిపించింది. ‘సిటిజెన్ కేన్’ ఎందుకంత గొప్పదో అర్థం కాలేదు. నచ్చకపోతే లోపం మీదేనా, లేక ఈ పేర్లన్నీ అలవాటుకొద్దీ చెప్పుకుంటున్నవేనా అని అడిగారు.

లోపం మీది కాదు. అలాగని ఆ పేర్లన్నీ ఉత్తవీ కావు. నేను 16 ఎం.ఎం. ప్రింట్ల కాలం నుంచి ఫిల్మ్ సొసైటీల్లో తిరిగినవాణ్ణి. సినిమా అయ్యాక లైట్లు వేసి జరిగే చర్చల్లో ఎక్కువగా వినిపించే మాట “ఆ కాలానికి గొప్పది” అని. ఆ మాటతో నాకెప్పుడూ పేచీయే. ఆ కాలానికి మాత్రమే గొప్పదైతే దాని చోటు చరిత్ర పుస్తకంలో. ఇవాళ రెండు గంటలు కూర్చుని చూడాలంటే ఇవాళ పనిచేసే గుణం ఏదో ఒకటి అందులో ఉండాలి. ఇన్నేళ్లుగా చూస్తూ నేను గమనించిన గుణం ఒకటుంది. నిలిచిన సినిమాల్లో చాలావాటికి ఏం చూపించకూడదో తెలుసు. కథలో పెద్ద ముక్కనే పక్కన పెట్టేస్తాయి. ఆ ఖాళీని మనమే నింపుకుంటాం. మనం నింపుకున్నది పాతబడదు.

మీకు నచ్చిన ‘మాయాబజార్’ (1957) తోనే మొదలుపెడతాను. అది భారతంలోని మనుషుల కథ. మరి పాండవులేరి? మూడు గంటల సినిమాలో ఐదుగురిలో ఒక్కరూ తెరమీదికి రారు. చాలామంది పదిసార్లు చూసి కూడా ఈ సంగతి గమనించరు. కె.వి. రెడ్డి పనితనం అక్కడుంది. రాజ్యం పోయిన ఇంటి పరిస్థితి మనకు సుభద్ర ముఖంలో, పుట్టింట్లో ఆమెకి తగ్గిన మర్యాదలో తెలుస్తుంది. ధర్మరాజుని, ద్రౌపదిని తెచ్చి నిలబెట్టి ఉంటే ఆ దుఃఖం బరువుకి ఈ పెళ్లి కథ కుంగిపోయేది. వాళ్లని బయట ఉంచడం వల్ల భారతం తాలూకు నీడ మాత్రం పడింది, సరదా చెడలేదు.

ప్రియదర్శిని పేటిక సీను మళ్లీ ఒకసారి చూడండి. తెరిచినవాళ్లకి తమకి అత్యంత ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు, రేవతికి రత్నాలు. కృష్ణుడు చూస్తే శకుని. నవ్వొస్తుంది, వెంటనే ఒళ్లు జలదరిస్తుంది. జూదం, అడవి, యుద్ధం, అన్నీ ఆ ఒక్క చిన్న పెట్టెలో ఉన్నాయి. ఇక మాయా శశిరేఖగా సావిత్రి. ఆడపిల్ల రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి ఆమె నడకలో, మెడ తిప్పడంలో, ఉన్నట్టుండి గొంతు మారిపోయే క్షణాల్లో పట్టుకుంది. ఎస్.వి. రంగారావు నడకని ఆమె ఎంత శ్రద్ధగా చూసి ఉంటుందో ఆలోచిస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇందులో నాకు నచ్చని భాగం లేదా అంటే ఉంది. మొదటి అరగంటలో కొంత సాగతీత ఉంది, పిల్లల ఎపిసోడ్ ఇంకాస్త కురచగా ఉండొచ్చు. అయినా ఒక్క సీను తీసేయమంటే నేను తీయలేను.

అదే 1957లో అమెరికాలో సిడ్నీ లూమెట్ తన మొదటి సినిమా తీశాడు, ‘12 యాంగ్రీ మెన్’. హత్య చూపించడు. కోర్టులో వాదనలు చూపించడు. నిందితుడైన కుర్రాడి ముఖం మొదట్లో కాసేపు చూపించి వదిలేస్తాడు. మిగతాదంతా తీర్పు తేల్చాల్సిన జ్యూరీ గదిలో పన్నెండు మంది మగవాళ్ల ఉక్కపోత. సాంకేతికంగా లూమెట్ చేసిన పని ఒకటి చెప్పాలి. మొదట కెమెరా కళ్ల ఎత్తుకి పైన ఉంటుంది, లెన్స్ వైడ్, అంటే గది విశాలంగా కనబడేది. సినిమా ముందుకి పోయేకొద్దీ లెన్స్ పొడవు పెరుగుతుంది, కెమెరా కిందికి దిగుతుంది. చివరికొచ్చేసరికి గది పైకప్పు కూడా కనిపిస్తుంటుంది, గోడలు మీదికొచ్చినట్టు అనిపిస్తుంది. చూసేవాడికి కారణం తెలియదు, ఊపిరాడదు అంతే. తీర్పు అయ్యాక బయటి మెట్లమీద మళ్లీ వైడ్ షాట్. ఆ గాలి మనకీ తగులుతుంది. ఇంత లెక్క వేసి తీసిన సినిమా ఎక్కడా లెక్కలా కనిపించదు.

‘రషోమాన్’ (1950) గురించి అందరూ ఒకే హత్యకి నాలుగు కథనాలు, సత్యం సాపేక్షం అంటారు. నిజమే. నన్ను పట్టుకున్నది ఇంకోటి. సాక్షులందరూ న్యాయాధికారి ముందు కూర్చుని సమాధానాలు చెబుతారు. ఆ అధికారి ఒక్కసారీ కనిపించడు, అతని గొంతు వినిపించదు. వాళ్లు చూస్తున్నది సూటిగా మనవైపు. దర్శకుడు కురొసావా ఆ కుర్చీలో మనల్ని కూర్చోబెట్టాడు. కెమెరామన్ మియగావా అడవి ఆకుల మధ్య నుంచి సూర్యుడి వైపే కెమెరా తిప్పడం గురించి చాలా రాశారు, రాయదగిందే. అయితే చివర్లో పసిబిడ్డ దొరకడం, కట్టెలు కొట్టేవాడు ఆ బిడ్డని తీసుకెళ్లడం నాకు అతికించినట్టు ఉంటుంది. అంతసేపూ ఎవరినీ నమ్మొద్దని చెప్పి, ఆఖర్న మానవత్వం మీద నమ్మకం పెట్టుకోమని చేయిపట్టి చెప్పక్కర్లేదు. అదే దర్శకుడు రెండేళ్ల తర్వాత అదే నమ్మకాన్ని ఎంత కష్టపడి సంపాదించాడో ‘ఇకిరు’లో చూడొచ్చు.

‘ఇకిరు’ (1952) నా దృష్టిలో కురొసావా సినిమాలన్నిటిలోకీ పెద్దది. ‘సెవెన్ సమురాయ్’ అభిమానులు ఒప్పుకోరు, అయినా అంటాను. జీవితమంతా ఫైళ్లమీద ముద్రలు వేసిన ఒక నగర కార్యాలయ శాఖాధికారికి కడుపులో క్యాన్సర్ అని తెలుస్తుంది. పేటలోని ఆడవాళ్లు మురికిగుంట పూడ్చి పిల్లలకి పార్కు కట్టమని అర్జీ పట్టుకుని ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి తిరుగుతుంటారు. ఆ పార్కు కట్టించాలని అతను నిర్ణయించుకుంటాడు. ఇప్పుడు మామూలు దర్శకుడైతే ఆ పోరాటం చూపిస్తాడు. కురొసావా ఏం చేశాడంటే, అతను నిర్ణయం తీసుకుని ఆఫీసు గుమ్మం దాటగానే “ఐదు నెలల తర్వాత అతను చనిపోయాడు” అని చెప్పేశాడు. సినిమాలో ఇంకా మూడోవంతు మిగిలే ఉంది! ఆ మిగతా భాగమంతా చావింట్లో సాటి ఉద్యోగులు తాగుతూ, పార్కు గొప్పతనం ఎవరికి దక్కాలని వాదించుకోవడం. అతని పోరాటం మనకు వాళ్ల నోటివెంట ముక్కలు ముక్కలుగా వస్తుంది. మంచు కురుస్తుండగా ఊయల మీద కూర్చుని పాడుకున్న రాత్రి కూడా ఒక పోలీసు చెబితేనే తెలుస్తుంది. తాగిన మత్తులో అందరూ మనమూ ఇకమీదట అతనిలా పనిచేద్దాం అని ప్రమాణాలు చేస్తారు. మర్నాడు ఆఫీసులో ఇంకో అర్జీ వస్తుంది, కొత్త అధికారి దాన్ని వేరే శాఖకి పంపించేస్తాడు. ఒక్కడు లేచి నిలబడి, మళ్లీ కూర్చుంటాడు. ప్రభుత్వ ఉద్యోగాల మీద వచ్చిన సినిమాలన్నీ ఒకెత్తు, ఆ ఒక్క కుర్చీ చప్పుడు ఒకెత్తు.

ఇక మీరు ఆపేసిన ‘టోక్యో స్టోరీ’ (1953). ఎక్కడ ఆపారో చెప్పలేదు గానీ, తల్లిదండ్రుల్ని వేడినీటి బుగ్గల ఊరికి పంపించే దగ్గరే చాలామంది ఆపుతారని నా అనుభవం. ఏమీ జరగట్లేదనిపిస్తుంది. నిజానికి అక్కడ జరుగుతున్నది పెద్ద విషయం. కన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇబ్బందని పిల్లలు తలా కొంత డబ్బు వేసుకుని వాళ్లని మర్యాదగా వదిలించుకుంటున్నారు. ఎవరూ గొంతు పెంచరు. దర్శకుడు ఒజు వదిలేసినవి గమనించండి. ముసలివాళ్లు బట్టలు సర్దుకుంటుంటే చూస్తాం, తర్వాత టోక్యో వచ్చేస్తుంది. అంత దూరం రైలు ప్రయాణం లేదు. తిరుగు ప్రయాణంలో తల్లికి జబ్బు చేయడం కూడా మనం చూడం, ఒసాకాలో ఉన్న కొడుకు ఆఫీసులో ఎవరితోనో చెబుతుంటే వింటాం. మనింట్లో కూడా వార్తలు అలాగే తెలుస్తాయి కదా, పని మధ్యలో, ఎవరి నోటో.

తండ్రిగా వేసిన చిషు ర్యూకి అప్పటికి యాభై కూడా నిండలేదు. ఆ వంగిన వీపు, ఆ మెల్లటి “అలాగా” అనే ఊకొట్టడం అంతా నటనే. అంత్యక్రియలైన పూటే పెద్ద కూతురు అమ్మ బట్టల్లో ఫలానాది నాకివ్వండి అని అడుగుతుంది. ఆమె చెడ్డది కాదు, అదే ఆ సీనులోని కోత. సొంత పిల్లలకంటే యుద్ధంలో పోయిన కొడుకు భార్య నొరికో ఎక్కువ దగ్గరవుతుంది. ఆ పాత్ర కూడా నేను మంచిదాన్ని కాదు అని మామగారితో ఒప్పుకునే క్షణం కోసమైనా మీరు మళ్లీ చూడాలి. పగలు, ఫోన్ పక్కనపెట్టి, ఒంటరిగా చూడండి. అలసిపోయిన రాత్రి చూసే సినిమా కాదిది.

‘పథేర్ పాంచాలి’ (1955) గురించి కొత్తగా చెప్పడం కష్టం. రెండు చోట్లు మాత్రం చెబుతాను. పట్నం నుంచి తండ్రి హరిహర్ తిరిగొచ్చి, కూతురు దుర్గ చనిపోయిన సంగతి తెలియక, ఆమె కోసం తెచ్చిన చీర బయటికి తీస్తాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న తల్లి సర్బజయ ఏడుస్తుంది. నోరు తెరిచి ఏడుస్తున్నది కనబడుతుంది, గొంతు వినబడదు. దాని బదులు తార్ షెహనాయి అనే తీగవాద్యం పైస్థాయిలో పలుకుతుంది. సత్యజిత్ రాయ్ ఆ తల్లి గొంతు వినిపించి ఉంటే అది ఒక నటి ఏడుపు అయ్యేది. రెండోది, ఇల్లు ఖాళీ చేస్తుంటే కొడుకు అపుకి అక్క దాచిన పూసలదండ దొరుకుతుంది. దొంగతనం చేయలేదని దుర్గ అప్పట్లో అన్నది. వాడు దాన్ని చెరువులోకి విసిరేస్తాడు, నాచు విడిపోయి మెల్లగా మళ్లీ కలిసిపోతుంది. వాడు ఎవరికీ చెప్పడు, సినిమా కూడా చెప్పదు. కెమెరా పట్టిన సుబ్రత మిత్రాకి అదే మొదటి సినిమా అంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

చాప్లిన్ ‘సిటీ లైట్స్’ (1931) నాటికి టాకీలు వచ్చి మూడేళ్లు దాటింది. అయినా మాటలు పెట్టనన్నాడు. బాక్సింగ్ సీను ఇప్పటికీ పొట్టచెక్కలయ్యేలా నవ్విస్తుంది. కోటీశ్వరుడి ట్రాకు మాత్రం ఒకే జోకుని తిప్పితిప్పి వాడినట్టుంటుంది. ఆఖరి సీను దగ్గరికొస్తే విమర్శలన్నీ మర్చిపోవాల్సిందే. చాప్లిన్ వేసిన దేశదిమ్మరి సాయంతో చూపొచ్చిన అంధురాలు, చేతి స్పర్శతో అతన్ని గుర్తుపడుతుంది. తర్వాత వాళ్లేమయ్యారు? అక్కడితో ఆపేశాడు. ఆమె ముఖంలో కృతజ్ఞత ఉందా, నిరాశ ఉందా అన్నది నాకు చూసినప్పుడల్లా వేరేగా తోస్తుంది.

ఇప్పుడు నా మాటకి ఎదురుతిరిగే సినిమా కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఋత్విక్ ఘటక్ ‘మేఘే ఢాకా తారా’ (1960) ఏదీ దాచదు. దేశవిభజనలో చెదిరి కలకత్తా చేరిన కుటుంబం, ఇంటి బరువంతా మోసే నీత, ఆమెని పీల్చుకు తినే సొంతవాళ్లు. ప్రేమించినవాడు చెల్లెలితో ఉన్నాడని తెలిసి ఆమె మెట్లు దిగుతుంటే కొరడా దెబ్బల చప్పుడు వినిపిస్తుంది! ఏ పాఠం ప్రకారం చూసినా అది అతి. చివరికి కొండల్లో “అన్నా, నేను బతకాలనుకున్నాను” అన్న కేక కొండలన్నీ తిరిగి వస్తుంది. మరి ఎందుకు పనిచేస్తోంది? ఎందుకంటే ఆ రెండు గంటలూ నీత నోరు విప్పలేదు. చెప్పు తెగితే ఈడ్చుకుంటూ నడిచింది తప్ప కొత్తవి కావాలనలేదు. ఆమె మింగినదంతా దర్శకుడు సౌండ్ ట్రాకులో బయటపెట్టాడు. సుప్రియా చౌధురి నటన ఇంకో మెట్టు పైన ఉందంటే అతిశయోక్తి కాదు.

మీ ‘సైకో’ (1960) ఫిర్యాదు పూర్తిగా న్యాయం. హీరోయిన్ అనుకున్నామెని సగం కాకముందే చంపేసి ప్రేక్షకుణ్ణి దిక్కులేనివాణ్ణి చేయడం దర్శకుడు హిచ్‌కాక్ మహా ధైర్యం. స్నానాల గదిలో కత్తి తగలడం దాదాపు చూపించకుండానే చూశామని నమ్మించాడు. అంతా చేసి చివర్లో ఒక మానసిక వైద్యుణ్ణి నిలబెట్టి మొత్తం కేసు వివరింపజేశాడు. నేను దాన్ని హిచ్‌కాక్ చేసిన తప్పుగానే లెక్కవేస్తాను. వైద్యుడి ఉపన్యాసం దాటాక గదిలో ఒంటరిగా కూర్చున్న హంతకుడు నార్మన్ ముఖం వస్తుంది, అది చాలు. ఇదే మనిషి ‘వెర్టిగో’ (1958)లో తిరగేసి పనిచేశాడు. రహస్యాన్ని చివరిదాకా దాచకుండా, కథ ఇంకా చాలా ఉండగానే ప్రేక్షకుడికి చెప్పేశాడు, హీరోకి మాత్రం చెప్పలేదు. దాంతో అది మిస్టరీగా మిగలకుండా, ఒక ఆడమనిషిని తన ఊహకి తగ్గట్టు దిద్దుకునే మగవాడి రోగం కథగా మారింది. వచ్చినప్పుడు అంతంతమాత్రంగా ఆడింది. ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక పదేళ్లకోసారి జరిపే విమర్శకుల ఓటింగులో 2012లో మొదటి స్థానానికి వచ్చింది. అప్పటిదాకా 1962 నుంచి ఆ స్థానం ‘సిటిజెన్ కేన్’ది.

‘కేన్’ (1941) మీకు ఎక్కకపోవడానికి ఆ మొదటి స్థానమే కారణమని నా అనుమానం. పర్వతం చూడబోతున్నామని కూర్చుంటే ఏ సినిమా అయినా గుట్టలా ఉంటుంది. ఆర్సన్ వెల్స్ అనే ఇరవై ఐదేళ్ల కుర్రాడు ఉత్సాహంగా తీసిన సినిమాగా చూడండి. పత్రికాధిపతి కేన్ చనిపోతూ అన్న ‘రోజ్‌బడ్’ అనే మాట రహస్యం అందులో బలహీనమైన దినుసు. మొదటి భార్యతో కేన్ కాపురం చెడిపోవడాన్ని వరసగా కొన్ని అల్పాహారాల బల్లల దగ్గర కూర్చోబెట్టి రెండు మూడు నిమిషాల్లో చెప్పేశాడు. చివరి బల్ల దగ్గర మాటల్లేవు, ఆమె చేతిలో భర్త పత్రిక బదులు పోటీ పత్రిక ఉంటుంది. ఆ ముక్క చాలు నాకు. మిగతా సినిమా మీద నాది గౌరవమే గానీ ప్రేమ కాదు.

తెలుగులో నేను పేచీ పెట్టుకునే పెద్ద సినిమా ‘శంకరాభరణం’ (1980). ఇది రాస్తే కొందరికి కోపమొస్తుందని తెలుసు. కె.వి. మహదేవన్ సంగీతం, జె.వి. సోమయాజులు కూర్చునే తీరు, మంజుభార్గవి మౌనం, వీటికి నేనూ చేతులెత్తి నమస్కరిస్తాను. శంకరశాస్త్రికి, తులసికి మధ్య ఉన్నది ఏమిటో సినిమా పేరు పెట్టి చెప్పదు, అదే దాని ప్రాణం. గురువా, దైవమా, ఇంకేమైనానా అన్నది మనకే వదిలేశారు విశ్వనాథ్. అయితే సంగీతం గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆ సంయమనం లేదు. పాశ్చాత్య సంగీతం వాయించే కుర్రాళ్లని తేలిగ్గా ఓడిపోయే బొమ్మలుగా తయారుచేశారు. అవతలి పక్షంలో ఒక్క నిజమైన కళాకారుణ్ణి పెట్టి ఉంటే శాస్త్రి గెలుపుకి విలువ పెరిగేది. తులసి నోరు మూసుకుని నిలబడిన సీన్లన్నీ ఇవాళ్టికీ తాజాగా ఉన్నాయి. ఉపన్యాసాలు మాత్రం వయసు చెబుతున్నాయి.

‘మిస్సమ్మ’ (1955) మీద నాకున్న అభిప్రాయం ఇంకా చిక్కు. నేను అత్యంత ప్రేమించే తెలుగు సినిమాల్లో అది ఒకటి. ఉద్యోగాల్లేని ఇద్దరు, ఒక క్రైస్తవ అమ్మాయి, ఒక హిందూ అబ్బాయి, మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడి బడిలో పంతుళ్లుగా చేరతారు. ఈ ఊహ ఇవాళ రాసినా కొత్తగానే ఉంటుంది. మొదట భానుమతి అనుకున్న పాత్ర సావిత్రికి వచ్చింది. ఆమె చిరాకులో ఉన్న అందం, ఎన్.టి. రామారావు ఓర్పు, పక్కింటి పెద్దమనిషిలా ఎస్.వి. రంగారావు వాత్సల్యం, ఎల్.వి. ప్రసాద్ ఎక్కడా గట్టిగా నొక్కకుండా నడిపించాడు. కానీ చివర్లో మేరీ ఎప్పుడో తప్పిపోయిన మహాలక్ష్మే అని తేలుతుంది. మతం వేరైన ఇద్దరి మధ్య ప్రేమ అన్న ప్రశ్న కథే వేసి, ఆ వేరు అన్నదే లేదని తేల్చేసి తప్పుకుంది. నాకు ఇది చూసిన ప్రతిసారీ బాధగానే ఉంటుంది. ఆ ప్రశ్న అడిగే దమ్ము ఉన్న చక్రపాణి రచనకి సమాధానం చెప్పే శక్తి లేకపోలేదు. చూడొద్దని అననే అనను, ముగింపుని మాత్రం ఊరికే క్షమించొద్దు.

‘గాన్ విత్ ద విండ్’ (1939) సంగతి వేరు. అక్కడ బాధపడాల్సింది ముగింపు గురించి కాదు, పునాది గురించే. బానిసల్ని తమ స్థితితో తృప్తిపడినవాళ్లుగా చూపించిన సినిమా అది. ఇంటి బానిస మామీ పాత్రకి హాటీ మెక్‌డానియల్ ఆస్కార్ గెలుచుకుంది, ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి నటి ఆమె. అయితే అట్లాంటాలో జరిగిన మొదటి ప్రదర్శనకి ఆమె వెళ్లలేకపోయింది, ఆస్కార్ సభలో ఆమెకి విడిగా బల్ల వేశారు. రంగులు, సెట్లు, వివియన్ లీ మొండితనం ఎంత గొప్పవైనా ఈ సంగతి మనసులో ఉంచుకునే చూడాలి.

గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’ (1959) గురించి క్లుప్తంగా చెబుతాను. కెమెరామన్ వి.కె. మూర్తి స్టూడియోలోకి దింపిన ఆ వెలుగు కిరణం, “వక్త్ నే కియా” పాట, అవి చూడకపోతే నష్టం మనదే. సినిమాగా మాత్రం అది తన మీద తానే జాలిపడుతూ ఉంటుంది. ‘ప్యాసా’ (1957)లో ఆ జాలి కోపంగా మారింది కాబట్టి నాకు అదే ఎక్కువ. మన ‘దేవదాసు’ (1953)తో కూడా నాకు ఇదే ఇబ్బంది. సుబ్బరామన్ బాణీలు, అక్కినేని మగత కళ్లు అలాగే ఉన్నాయి, దేవదాసు మీద మాత్రం నాకు జాలి రాదు. పార్వతి మీదే వస్తుంది.

ఒకే కెమెరామన్ చేతిలో రెండు లోకాలు ఎలా ఉంటాయో చూడాలనుకుంటే ‘గరం హవా’ (1973), ‘ముత్యాలముగ్గు’ (1975) ఒకదాని తర్వాత ఒకటి చూడండి. రెండిటికీ కెమెరా ఇషాన్ ఆర్య. ఎం.ఎస్. సత్యు తీసిన ‘గరం హవా’లో ఆగ్రాలోని ఒక ముస్లిం కుటుంబం, విభజన తర్వాత వెళ్లాలా ఉండాలా అన్న ఊగిసలాట. ఇల్లు ఖాళీ చేయాల్సొస్తే ముసలి తల్లి రానని వెళ్లి కట్టెల గదిలో దాక్కుంటుంది. కూతురు చనిపోయినప్పుడు బల్‌రాజ్ సాహ్ని ఏడవడు, ఆ పొడి కళ్లని తట్టుకోవడం కష్టం. ఈ సినిమా డబ్బింగ్ ముగించాక ఆయన ఎక్కువ కాలం లేడు, తెరమీద దాన్ని చూసుకోలేదు. ఇక బాపు ‘ముత్యాలముగ్గు’లో అదే ఇషాన్ ఆర్య గోదావరి పక్క పచ్చదనాన్ని సహజమైన వెలుతురులో పట్టుకుని జాతీయ బహుమతి తెచ్చుకున్నాడు. తెల్లవారుజామున ఎర్రటి సూర్యుణ్ణి చూసి ఆకాశంలో హత్య జరిగినట్టుందని మురిసిపోయే కాంట్రాక్టరు, రావు గోపాలరావు, తెలుగు విలన్లలో ఇప్పటికీ ఎవరూ అందుకోని ఎత్తు. ముళ్లపూడి మాటలు అంతే. కానీ ఉత్తర రామాయణాన్ని ఇప్పటికి తెచ్చినప్పుడు, అనుమానించి వదిలేసిన భర్తని అంత సులువుగా వదిలిపెట్టి ఉండాల్సింది కాదు. ఆ అమ్మాయికి అతన్ని నిలదీసే ఒక్క సీను బాకీ ఉంది.

ఆ బాకీ తీర్చిన సినిమా కావాలంటే ‘దాసి’ (1988). బి. నర్సింగరావు తీసింది, 1920ల నాటి తెలంగాణ దొర గడీ. అర్చన వేసిన కమలాక్షి సినిమా అంతా పనిచేస్తూనే ఉంటుంది. ఊడ్చడం, తోమడం, దొర పిలిస్తే వెళ్లడం, ఏ పనికీ ఆమె ముఖం మారదు. సంగీతం దాదాపు లేదు, గడీ గోడల మధ్య చప్పుళ్లే సంగీతం. కడుపొస్తే తీయించుకోమన్న ఆజ్ఞ కూడా ఇంకో పని చెప్పినట్టే వస్తుంది. దొర క్రూరత్వాన్ని అరుపుల్లో చూపించిన సినిమాలు చాలా ఉన్నాయి, అలవాటులో చూపించింది ఇదే. అర్చనకి, కెమెరా పట్టిన ఎ.కె. బీర్‌కి, కళాదర్శకత్వం చేసిన చిత్రకారుడు వైకుంఠానికి జాతీయ బహుమతులొచ్చాయి. నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ (1979) పాటల వల్ల, పోరాటం వల్ల ఎక్కువమందికి తెలుసు. “బండెనక బండి గట్టి” విని నెత్తురు వేడెక్కనివాళ్లు ఉండరు. నన్నడిగితే ‘దాసి’ దానికంటే లోతుగా దిగుతుంది.

వీటన్నిటి తర్వాత ఊపిరి పీల్చుకోవడానికి సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ (1987). మాటలే లేవు కదా, అందుకని ఏదో ప్రయోగమనుకుని దూరం పెట్టకండి. హీరో మోసం చేసి పెద్ద హోటల్లో చేరతాడు. అక్కడి నిశ్శబ్దంలో నిద్రపట్టదు, తన పాత గది పక్క సినిమా హాలు రొద రికార్డు చేసుకొచ్చి అది వింటూ నిద్రపోతాడు. పేదరికం మనిషి చెవుల్లోకి ఎలా ఇంకిపోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సీను నాకు తెలియదు, పైగా నవ్వుతూ చూస్తాం. 

ఇక మీరు చివర్లో అడిగిన మాట, ఏ క్రమంలో చూడాలని. ‘12 యాంగ్రీ మెన్’ ముందు చూడండి, గంటన్నరే, ఎవరినైనా కూర్చోబెడుతుంది. తర్వాత ‘పుష్పక విమానం’, ‘సిటీ లైట్స్’ పక్కపక్కన. ఆ మీదట ‘ఇకిరు’. అది పట్టుకుంటే ‘టోక్యో స్టోరీ’కి తిరిగి వెళ్లండి, ‘దాసి’ని దాని తర్వాత ఉంచండి. ప్రింటు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ‘పథేర్ పాంచాలి’ నెగెటివ్ 1993లో లండన్ లాబొరేటరీ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మిగిలినవాటి నుంచి ఏళ్ల తరబడి పనిచేసి 2015లో 4కె రూపం తెచ్చారు, అదే చూడండి. నాచు కలిసిపోయే షాటు పాత గీతల ప్రింటులో సగమే కనబడుతుంది. ‘మాయాబజార్’ రంగుల ప్రతి 2010లో వచ్చింది, పిల్లలకి చూపించడానికి పనికొస్తుంది. మీరు మాత్రం నలుపు తెలుపులోనే చూడండి. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ “లాహిరి లాహిరి”లో సృష్టించిన వెన్నెల ఆ రెండు రంగుల కోసం వేసిన లెక్క. మీద రంగు పూస్తే నీళ్లమీది మెరుపు పోతుంది.